పెనిన్సులానా, 28 వీక్స్ లేటరా: ఎవరి భయాన్ని నమ్మొచ్చు?

కొరియా జాంబీ సినిమా ట్రెయిన్ టు బుసాన్ చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు వెంటనే అడిగేది ఇదే: దాని సీక్వెల్ పెనిన్సులా చూడొచ్చా, లేక జాంబీ సీక్వెల్ అంటే 28 వీక్స్ లేటరేనా? పోయిన వారం రెండూ మళ్లీ చూశాను. ఇక్కడ కథ కొంత బయటపడుతుంది, చూడనివాళ్లు గమనించండి.

రెండూ ఒకే తప్పుతో మొదలవుతాయి. 2007 నాటి 28 వీక్స్ లేటర్‌లో డాన్ భార్యను జాంబీల మధ్య వదిలేసి కిటికీలోంచి దూకి పరుగెడతాడు. వెనక్కి చూస్తే ఆమె కిటికీ దగ్గర అరుస్తూ ఉంటుంది. 2020లో వచ్చిన పెనిన్సులాలో జంగ్ సోక్, బిడ్డతో సాయం అడుగుతున్న కుటుంబాన్ని దాటి కారు పోనిస్తాడు. తర్వాత ఓడలో జాంబీలు చేరిన గదిలో అక్కను వదిలి తలుపు మూసేస్తాడు.

నాకు ముఖ్యమైన ప్రశ్న ఒకటే. ఆ తర్వాత వాళ్లు చేసే పనులు ఆ తప్పులోంచే పుడుతున్నాయా?

డాన్ విషయంలో పుడుతున్నాయి. స్పెయిన్ నుంచి వచ్చిన పిల్లలకు, అమ్మను కాపాడే వీలే లేకపోయిందని అబద్ధం చెబుతాడు. అమ్మ ముఖం మరచిపోతానేమోనని కొడుకు ఆండీకి భయం. ఫొటో కోసం అక్కతో కలిసి, లండన్‌లో సైన్యం కాపలా కాస్తున్న సేఫ్ జోన్ దాటి పాత ఇంటికి వెళతాడు. ఆ వయసు పిల్లాడు వెళ్లకుండా ఎలా ఉంటాడు? అక్కడ అమ్మ బతికే దొరుకుతుంది. ఒంట్లో వైరస్ ఉన్నా జబ్బు మాత్రం లేదు. డాన్ ఆమెను క్షమించమని అడిగి ముద్దు పెట్టుకుంటాడు. లండన్‌కు రోగం మళ్లీ అంటుకునేది ఆ ముద్దుతోనే. ఇందులో విలన్ లేడు, సిగ్గుతో చచ్చిపోతున్న మొగుడు ఉన్నాడు.

లోపాలున్నాయి. వైరస్ ఉన్న ఆమెను సైన్యం ఉంచిన గదికి కాపలా లేకపోవడం, డాన్ కార్డుకు తలుపు తెరుచుకోవడం నమ్మబుద్ధి కాదు. జాంబీ అయ్యాక కూడా అతను పిల్లలు ఎక్కడుంటే అక్కడ తేలడం మరీ ఇబ్బంది. అయినా సైన్యం తెలివితక్కువగా ఉంటే సర్దుకుంటాను. మనిషి మనసు అబద్ధమైతే సర్దుకోలేను.

పెనిన్సులాలో నాకు అక్కడే తేడా కొట్టింది. నాలుగేళ్ల తర్వాత జంగ్ సోక్, అతని బావ 2 కోట్ల డాలర్లున్న ట్రక్కు కోసం మళ్లీ కొరియా వెళతారు. హాంకాంగ్‌లో శరణార్థులుగా పడే అవమానం చూశాం కాబట్టి బావ వెళ్లడం నమ్ముతాను. జంగ్ సోక్ ఎందుకు వెళ్లాడు? డబ్బుకా, బావకు తోడుగానా, బతుకు మీద విరక్తితోనా? సినిమా తేల్చదు. పైగా అతను వదిలేసి వెళ్లిన ఆ కుటుంబంలోని పిల్లలే అతన్ని కాపాడతారు. పశ్చాత్తాపానికి దారి అతను వెతుక్కోలేదు, కథే తెచ్చి చేతిలో పెట్టింది. అక్కడ మిగిలిపోయిన సైనికుల క్రూరత్వానికీ సరైన కారణం కనిపించదు. జూని అనే అమ్మాయి మాత్రం నాకు నచ్చింది. జాంబీలను కారుతో గుద్దుకుంటూ పోవడం అతిగా ఉన్నా, ఆ పాడుబడ్డ ఊళ్లో పెరిగిన పిల్లకు అదే ఆట.

ఇక మిగతా జాంబీ సీక్వెల్స్‌లో జాంబీల్యాండ్ డబుల్ ట్యాప్ కామెడీ, అక్కడ ఈ లెక్క పనికిరాదు. 1985 నాటి డే ఆఫ్ ద డెడ్‌లో బంకర్ గొడవలు బాగుంటాయి.

ఒక్కటే చూసే టైముంటే 28 వీక్స్ లేటర్ చూడండి. మొదటి భాగం 28 డేస్ లేటర్ చూడకపోయినా అర్థమవుతుంది. ఆ కిటికీ సీను మాత్రం మిస్సవకండి, సినిమా మొదట్లోనే వస్తుంది.