నూనె పట్టించిన గిటార్ నెక్: నొక్కు పడితే ఇంట్లోనే లేచింది

గిటార్ నెక్‌కి, అంటే వాయించేటప్పుడు చేత్తో పట్టుకునే పొడవాటి మెడకి, ఆయిల్ ఫినిష్ (నూనె పూత) ఎలా ఉంటుందని ఎవరిని అడిగినా బొటనవేలి గురించే చెప్తారు. చెయ్యి జారుతుంది, ఉక్కపోతలో కూడా అంటుకోదు, ఉత్త చెక్కని పట్టుకున్నట్టు ఉంటుంది అంటారు. మొదట్లో నేనూ అదే చెప్పి తెలిసినవాళ్లందరి బుర్ర తిన్నాను. మూడు నాలుగేళ్లు వాడాక నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. దెబ్బ తగిలితే ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది మామూలు ధర ఎలక్ట్రిక్ గిటార్, మేపుల్ చెక్క నెక్, వెనకాల నాలుగు స్క్రూలు విప్పితే ఊడి చేతికొచ్చే రకం. కంపెనీ ఇచ్చిన మెరిసే పాలియురెథేన్ పూతని ఉప్పుకాగితంతో తీసేసి ట్రూ-ఆయిల్ పట్టించాను. తీగలని వేళ్లతో నొక్కే ముందు వైపు, అంటే ఫ్రెట్‌బోర్డు జోలికి పోలేదు, వెనక వైపు మాత్రమే. తుపాకీ మడమలకు రాసుకోవడానికని బిర్చ్‌వుడ్ కేసీ వాళ్లు చేసే నూనె అది, అందులో లిన్సీడ్, అంటే మన అవిసె నూనె ఉంటుంది. ఇదేదో వింత ప్రయోగం అనుకోకండి, మ్యూజిక్ మ్యాన్ లాంటి పెద్ద కంపెనీ కూడా చాలా మోడళ్ల నెక్‌లకు గన్‌స్టాక్ ఆయిల్ పట్టించి పైన మైనం రుద్ది అమ్ముతుంది. ఏటికొప్పాక బొమ్మల్ని చూస్తూ పెరిగినవాళ్లం, మెరుపంటే మనకు ఇష్టమే, అంకుడు కర్ర మీద ఆ లక్క పూత ఎంత అందంగా ఉంటుందో! కానీ రోజూ అరచెయ్యి అటూ ఇటూ జారాల్సిన నెక్ మీద, అదీ సముద్రానికి ఇంత దగ్గరలో ఏసీ లేని ఇంట్లో, ఆ మెరుపు చెమటకి చెయ్యిని పట్టేసుకుంటుంది.

ఎలా పూయాలో మళ్లీ రాయను, ఆ వీడియోలు బోలెడున్నాయి. విశాఖలో ఉండేవాళ్లకు మాత్రం ఒక మాట. ఈ పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. గాలిలో నిమ్ము ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది. జనవరిలో ఒక్క రాత్రిలో ఆరిన పూత శ్రావణమాసంలో రెండో రోజుకి కూడా వేలికి తగులుతూనే ఉంటుంది. కొబ్బరినూనె రాస్తే పోయేదానికి ఇదంతా ఎందుకురా అని మా అమ్మ అంది, ఇంకా చాలామంది అడుగుతారు కూడా. కొబ్బరినూనె, ఆముదం ఏళ్ల తరబడి ఉంచినా గట్టిపడవు, జిడ్డుగానే ఉండిపోయి పాత నూనె వాసన కొడతాయి. క్రికెట్ బ్యాట్‌కి రాసే పచ్చి అవిసె నూనె ఆరుతుంది గానీ దానికి వారాలు పడుతుంది.

ఇక అసలు సంగతి. మా కాలనీ వినాయక చవితి పందిరిలో మేం వాయించాల్సిన సాయంత్రం, స్టాండ్ మీద ఉన్న గిటార్‌ని పరిగెడుతున్న పిల్లాడెవడో తగిలాడు. అది వెనక్కి పడింది, పడుతూ నెక్ వీపు సరిగ్గా స్పీకర్ బాక్సుకుండే ఇనుప మూలకు కొట్టుకుంది. అయిదో ఫ్రెట్ (ముందు వైపు అడ్డంగా ఉండే లోహపు పట్టీ) వెనక బియ్యపు గింజంత నొక్కు. చూడ్డానికి ఏమీ లేదు. వాయిస్తుంటే తెలుస్తుంది, చెయ్యి కింద నుంచి పైకి జరిగిన ప్రతిసారీ బొటనవేలు అక్కడే ఆగుతుంది. ఆ రాత్రి మొత్తం అలాగే వాయించాను, పాట మీద మనసు నిలిస్తే ఒట్టు. గిటార్లు బాగు చేసే ఒకాయనకు చూపిస్తే, జిగురుతో నింపి గీకాలి, మచ్చ కనబడుతుంది, దానికంటే కొత్త నెక్ చూసుకోవడం మేలు అన్నాడు. ఆయన చెప్పిన ధరలో సగానికి కొంచెం ఎక్కువ పెట్టి నేను ఆ గిటార్‌నే కొన్నాను.

దారి చూపింది మా పై వాటాలో అల్మరాలు చేస్తున్న వడ్రంగి మేస్త్రి. నెక్ చేతిలోకి తీసుకుని గోటితో ఆ చోట రాసి చూసి, "కర్ర తెగలేదు బాబూ, అణిగింది. నీళ్లు చూపించి వేడి పెట్టు, అదే లేస్తాది. పాలిష్ కిందయితే లేవదు, నూనె కర్ర కాబట్టి లేస్తాది" అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో కిటుకంతా ఉంది. నొక్కు పడినచోట చెక్క నారలు తెగవు, నలిగి కిందికి అణుగుతాయి. తడి, వేడి కలిసి తగిలితే మెత్తబడి మళ్లీ ఉబ్బుతాయి. పాలియురెథేన్ పూత ఉంటే ఆవిరి లోపలికి దిగదు, పైన ఉన్న పూతే పాడవుతుంది. నారలు తెగిపోయి గంటు పడితే మాత్రం ఇది కూడా పనిచేయదు.

తీగలు వదులు చేసి నెక్ విప్పేశాను. నొక్కు చుట్టూ రూపాయి బిళ్లంత మేర 400 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది నూనె పూత పోగొట్టాను. గుంటలో వేలితో ఒక చుక్క నీళ్లు పెట్టి కాసేపు పీల్చుకోనిచ్చాను. తర్వాత పాత బనియన్ గుడ్డ తడిపి, పిండి, రెండు మడతలు వేసి దాని మీద పరిచి, ఇస్త్రీ పెట్టె మొన ఆ చోటుకే తగిలేలా మూడు నాలుగు సెకన్లు ఆనించాను. స్సుమని ఆవిరి లేచింది. తీసి చూస్తే నొక్కు సగం లేదు! మళ్లీ తడిపి, మళ్లీ ఆనించి చూస్తే వేలికి ఏమీ తగల్లేదు. చెక్క మీద మాత్రం చిన్న నూగు లేచి గరుకుగా ఉంది, తడి తగిలితే అలా అవుతుంది. ఒక రాత్రి ఆరనిచ్చి, 400తో, ఆపైన 600తో నునుపు చేశాను. ఆ చోటు ఒక్కదానికే వేలి కొసతో నూనె రుద్ది, మిగిలింది తుడిచేసి, ఒక రోజు ఆగి మళ్లీ రుద్దాను. పాత పూతకీ కొత్త పూతకీ మధ్య గీత పడుతుందని భయపడ్డాను, పడలేదు. పల్చగా చెక్కలోకి ఇంకే పూత కాబట్టి అంచులు కలిసిపోయాయి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూస్తే ఆ చోట రంగు వెంట్రుకవాసి తేడా ఉంటుంది, బొటనవేలికి మాత్రం ఇప్పుడు అక్కడేమీ తెలియదు. ఖర్చు ఏమీ కాలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం గిటార్ కొన్న రోజు కూడా కలగలేదు.

మొదట్లో నేను అంతలా పొగిడిన స్పర్శ గురించి కూడా ఇప్పుడు చెప్పాలి. బాగుంటుంది, ఇప్పటికీ మెరిసే పూత కంటే చాలా నయం. కానీ ఆగస్టు సాయంత్రాలు దీనికీ కాస్త బరువుగానే ఉంటాయి, చలికాలంలో ఉన్నంత పొడిగా చెయ్యి జారదు. మొదటి మూడు ఫ్రెట్‌ల వెనక చెమట, మురికి పట్టి చెక్క నల్లబడుతుంది. ఏడాదికోసారి 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (సన్నని ఇనుప పీచుతో) తేలిగ్గా రుద్ది ఇంకో పూత ఇస్తే మళ్లీ తేరుకుంటుంది. నెక్ విప్పకుండా చేసేటట్టయితే తీగల శబ్దాన్ని పట్టే పికప్‌ల మీద టేప్ అతికించండి, లోపల అయస్కాంతాలుంటాయి, ఇనుప పొడి అంతా అక్కడికే చేరుతుంది. ఇంకోటి, నూనె పూత నిమ్ముని పాలియురెథేన్ అంత గట్టిగా ఆపదు. వానలు మొదలైనప్పుడూ, చలి వచ్చినప్పుడూ నెక్ వంపు కొద్దిగా మారి తీగల ఎత్తు తేడా వస్తుంది. నాకు నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, పావు మలుపు తిప్పితే సరిపోతోంది, అలెన్ కీ కవర్లోనే ఉంచుకుంటాను. దానికే టెన్షన్ పడేవాళ్లకి ఈ పూత నచ్చదు.

నూనె తుడిచిన గుడ్డల విషయంలో మాత్రం దయచేసి అశ్రద్ధ చేయకండి. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేస్తే వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. ఇల్లు తగలబడే విషయం ఇది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

మరి చేయించుకోమంటానా అంటే, నా గిటార్ ఖరీదైనది కాదు, అమ్మే ఉద్దేశం లేదు, వాయించేది ఎక్కువ ఇంట్లో, పండక్కో పెళ్లికో ఒకసారి బయట. అలాంటివాళ్లు నిశ్చింతగా చేసుకోవచ్చు. వారంవారం స్టేజి ఎక్కి చొక్కా తడిసేలా వాయించేవాళ్లకు ఏడాదికి ఒక్కసారి పూత చాలకపోవచ్చు. వారంటీ ఉన్నదాన్నీ, పాతకాలపు విలువైన గిటార్‌నీ ముట్టుకోవద్దు. నా దగ్గరున్న అకూస్టిక్‌కి నెక్ బాడీకి అతికించేసి ఉంటుంది, ఆ జాయింటు దగ్గర పూత శుభ్రంగా గీకడం చాలా కష్టం. పైగా దాని మెరుపు నాకు ఇంకా ఇష్టమే, అందుకని దాన్ని అలాగే ఉంచేశాను.