నాస్తికుల పెళ్లికి ఏది మేలు: పంతులా, దండలా, నోటీసా?

దేవుడి మీద నమ్మకం లేని ఇద్దరు పెళ్లి చేసుకోవాలంటే మన దగ్గర దారులు మూడు. పంతుల్ని పిలిచి అందరిలా కానిచ్చేయడం ఒకటి. సభ పెట్టి దండలు మార్చుకుని, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవడం రెండోది. మూడోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా నోటీసు ఇచ్చి, వివాహాధికారి ఎదుట చేసుకోవడం. ఈమధ్య ఒక జంటకు సాక్షి సంతకం పెట్టి వచ్చాక దీని గురించి రాయాలనిపించింది.

"మూడు ముళ్లే కదా, పెద్దవాళ్ల కోసం వేయించుకోండి" అంటారు. మీకు అభ్యంతరం లేకపోతే సరే. నమ్మని మంత్రానికి తలవంచి కాపురం మొదలుపెట్టడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కూతురి పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనడానికి గాంధీగారే ఒప్పుకున్నారు. గాంధీగారు పోయాక, 1948లో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిగింది.

దండల పెళ్లంటే మనవాళ్లకు ప్రాణం. నాకూ ఇష్టమే. చిక్కంతా రిజిస్ట్రేషన్ దగ్గర. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ పెళ్లిని నిలబెట్టదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రేపు ఆస్తి దగ్గరో పెన్షన్ దగ్గరో ఎవరైనా "మీది పెళ్లే కాదు" అంటే ఏం చూపిస్తారు? తమిళనాడు 1967లోనే 7-ఎ సెక్షన్ చేర్చుకుంది. అక్కడ బంధుమిత్రుల ఎదుట దండలో ఉంగరాలో మార్చుకుంటే చాలు, పురోహితుడు అక్కర్లేదు. అదే దండ చెన్నైలో పెళ్లి, నెల్లూరులో అనుమానం! బ్రిటన్‌లోనూ ఇదే తేడా. మతం ప్రసక్తి లేకుండా జరిగే హ్యూమనిస్టు (మానవతావాద) పెళ్లిళ్లకు స్కాట్లండ్‌లో 2005 నుంచి చట్టబద్ధత ఉంది. ఇంగ్లండ్‌లో లేకపోవడం వివక్షేనని 2020లో అక్కడి హైకోర్టు అంది, కానీ చట్టం మార్చమని ప్రభుత్వాన్ని ఆదేశించలేదు.

నేను గట్టిగా చెప్పేది మూడోదాని గురించి. ప్రత్యేక వివాహ చట్టంలో ఇచ్చిన నోటీసు నమూనా చూడండి. పేరు, వృత్తి, వయసు, నివాసం ఉంటాయి. మతం గడి లేదు. 1872 నాటి పాత చట్టమైతే "నేను ఫలానా మతాల్లో దేన్నీ పాటించను" అని రాసిస్తేనే పెళ్లి చేసేది. ఇప్పుడు ఏం నమ్ముతారో, ఏం నమ్మరో చెప్పాల్సిన పనే లేదు. ఒకరు క్రైస్తవ కుటుంబం, ఒకరు హిందూ కుటుంబం నుంచి వచ్చిన నాస్తికులకైతే, మతం మార్చుకోకుండా, ఏ మతం పేరూ చెప్పకుండా దొరికే దారి ఇది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. పెళ్లి ఆఫీసులోనే జరగక్కర్లేదు. అదనపు రుసుము కడితే వివాహాధికారి దగ్గర్లోని హాలుకే వస్తారు. పద్ధతి మీ ఇష్టం. అధికారి, ముగ్గురు సాక్షులు వింటుండగా "నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను" అని అతను, "భర్తగా" అని ఆమె, తమకు తెలిసిన భాషలో చెప్పుకోవాలి. నేను సాక్షిగా వెళ్లినచోట ఆ అమ్మాయి తెలుగులోనే చెప్పింది. సగంలో గొంతు పూడుకుపోతే ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ మాటకు ఉన్న బరువు నేను ఏ పెళ్లి మంత్రంలోనూ వినలేదు. మాకు అక్షింతలూ లేవు, వాటి లోటూ తెలియలేదు.

కాబట్టి ఇంట్లో ఒప్పుకున్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఇదే ఎంచుకోండి. దండల సభనూ దీన్నీ ఒకేరోజు కలిపేయండి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి కాకపోతే కొత్త నోటీసు ఇవ్వాలని మాత్రం మరవకండి.

ఇంట్లో ఒప్పుకోనివాళ్ల సంగతి వేరు. ఆ నోటీసు 30 రోజులు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. నేను చూసిన బోర్డు మీద జంటల వివరాలు ఇంటి నంబర్లతో సహా కనిపించాయి. హైదరాబాద్‌లో ఉంటూ దరఖాస్తు పెట్టినా, శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు నకలు అక్కడికీ వెళ్తుంది. నోటీసు ప్రకటించాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021లో అలహాబాద్ హైకోర్టు అంది కానీ, ఆ తీర్పు మన రిజిస్ట్రార్లను కట్టడి చేయదు. ప్రాణభయంతో ఇల్లు వదిలిన జంట హోమం చుట్టూ తిరిగి వెంటనే పెళ్లి చేసుకుంటే, వాళ్ల నాస్తికత్వాన్ని నేను శంకించను. మన రెండు అసెంబ్లీల్లో ఎవరైనా 7-ఎ లాంటి బిల్లు పెట్టిన రోజు ముందుగా ఊపిరి పీల్చుకునేది వాళ్లే.