మకిటా ఎన్‌1900బి ప్లేనర్: వానకు బిగిసిన తలుపుకు పనికొస్తుందా?

కార్తీకంలో వానలు పట్టాయంటే తిరుపతిలో తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి. ముందు బాత్రూం తలుపు, ఆ తర్వాత వీధి తలుపు. అలాంటి పనికి సంచిలో వేసుకుని పోగలిగిన చిత్రిక మిషన్ ఇది. బరువు 2.5 కిలోలు, మోటారు 580 వాట్లు, బ్లేడు వెడల్పు 82 మి.మీ. ఒక తోపుకు ఎక్కువలో ఎక్కువ 1 మి.మీ. తీస్తుంది. తలుపు రెక్కలకు, ద్వారబంధాలకు ఇది చాలు. రోజంతా దూలాలు తోయాలంటే మాత్రం ఇంతకన్నా పెద్దది తీసుకోవాలి.

బ్లేడ్లు బిగించి ఉండే గుండ్రటి ఇరుసు, అంటే డ్రమ్ము, నిమిషానికి 16,000 చుట్లు తిరుగుతుంది. దాని మీద రెండు బ్లేడ్లు, అంటే నిమిషానికి 32,000 కోతలు. మిషన్‌ను నిమిషానికి 3 మీటర్ల లెక్కన తోస్తే కోతకూ కోతకూ మధ్య 0.1 మి.మీ. కూడా ఉండదు. టేకు అంత నున్నగా రావడానికి కారణం అదే. అయితే రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో ఉంటేనే ఆ నునుపు. ఒకటి కాస్త పైకి ఉంటే అదొక్కటే కోస్తుంది, చెక్క మీద అలల్లాంటి గీతలు పడతాయి. మిషన్ మంచిది కాదని తిట్టేవాళ్లు ముందు ఈ అమరిక చూసుకోవాలి.

ఆ అమరిక చూసే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే సరిపోదు. డ్రమ్ము గాడిలో చేరిన పొట్టు, జిగురు బ్రష్షుతో పూర్తిగా తుడవాలి. కొంచెం పొట్టు మిగిలినా బ్లేడు వంకరగా కూర్చుంటుంది. మిషన్‌ను బోర్లించి స్టీలు స్కేలును వెనక బేసు (బ్లేడు వెనక, చెక్క మీద ఆనే అడుగు పలక) మీద ఆనించి, డ్రమ్మును చెక్క పుల్లతో నెమ్మదిగా తిప్పాలి. బ్లేడు అంచు స్కేలును తాకీ తాకనట్టు ఉండాలి. స్కేలు కదిలితే బ్లేడు ఎత్తు ఎక్కువని అర్థం, తోపు చివర గుంట పడుతుంది. అసలు తగలకపోతే బ్లేడు కిందికి ఉన్నట్టు, వెనక బేసు కోసిన చోట సరిగా ఆనదు. రెండు బ్లేడ్లకూ, ఒక్కోదానికి రెండు కొసల్లోనూ ఇలాగే చూడాలి. బోల్టులను మిషన్‌తో వచ్చిన స్పానరుతోనే గట్టిగా బిగించాలి. ఆ వేగంలో బ్లేడు ఊడితే ఎదురుగా ఉన్న మనిషికి ప్రాణాపాయం.

పాత తలుపు, పాత ద్వారబంధం అయితే మేకుల కోసం వెతకాలి. పండక్కొకటి చొప్పున తోరణాలకు కొట్టిన చిన్న మేకులు రంగు కింద కనబడవు. అయస్కాంతాన్ని అంచు పొడవునా జరిపితే దొరికిపోతాయి. రెక్కను బందుల నుంచి విప్పి, అంచు పైకి వచ్చేలా నిలబెట్టి, కదలకుండా బిగించాకే తోయాలి. తోపు మొదట్లో చేతి బరువు ముందు భాగం మీద, చివర వెనక భాగం మీద ఉండాలి. వేప, మద్ది లాంటి గట్టి చెక్కకు 0.5 మి.మీ. దాటించకూడదు, ఆఖరి తోపుకు 0.2 చాలు. రెక్క పై అంచు, కింది అంచు తోసేటప్పుడు రెండు కొసల నుంచీ మధ్యకు రావాలి. ఒకే వైపు తోసుకుపోతే చివర నిలువు చట్రం పేడు లేచిపోతుంది.

పొట్టు వచ్చే నోరు పూడుకుంటే వేలు పెట్టి లాగడం ఈ మిషన్ దగ్గర జరిగే అతి ఘోరమైన తప్పు. ఆపాక కూడా డ్రమ్ము కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాక ప్లగ్గు పీకి పుల్లతో లాగండి. కింద పెట్టేటప్పుడూ అంతే, డ్రమ్ము ఆగాకే. మెడలో తువ్వాలు, వదులు చొక్కా, గ్లౌజులు వద్దు. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. అడుగు కన్నా పొట్టి ముక్కకు చేత్తో తోసే చిత్రిక, అంటే రందా, మేలు. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు, ముక్కుకు ఎన్‌95 మాస్కు తప్పనిసరి: చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తడి నేల మీద పనైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోవాలి.

బ్లేడ్లను ఎప్పుడూ జతగానే సాన పట్టాలి, జతగానే మార్చాలి. బరువులో తేడా వస్తే మిషన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి. ప్లైవుడ్ జిగురుకు మామూలు స్టీలు బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. కార్బైడు అనే గట్టి లోహపు అంచు ఉన్న బ్లేడు ఎక్కువ కాలం ఆగుతుంది, కానీ మేకు తగిలితే పెచ్చు లేస్తుంది. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు గుర్తు గీత దాకా అరిగితే రెండూ కలిపి మార్చండి. మోటారు మోగుతూ డ్రమ్ము తిరగలేదంటే చాలావరకు బెల్టు తెగినట్టే.

వానలో బిగిసిన తలుపును సందు బాగా వచ్చేదాకా తోయించకండి. వేసవికి చెక్క ఆరి కుంచించుకుని గాలి దూరుతుంది. తగులుతున్న చోట పెన్సిలుతో గుర్తు పెట్టి అంతవరకే తీయించండి. చెక్క ఆరాక తోసిన అంచుకు, మరీ ముఖ్యంగా కింది అంచుకు, సీలరో ప్రైమరో రెండు పూతలు వేయించండి. పూత లేకుండా వదిలేస్తే వచ్చే కార్తీకానికి అదే చోట మళ్లీ నీరు పీలుస్తుంది.