వేలూరు షెల్ కంటి ఆస్పత్రి: అమ్మ ఆపరేషన్ అనుభవం, డాక్టర్ ఐడా గురించి నాలుగు మాటలు

అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించి నెల దాటింది. ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. మాది చిత్తూరు పక్కన పల్లె. వేలూరుకి బస్సెక్కితే గంట ప్రయాణం.

అంతకు ముందు వేరే చోట ఒక ఆస్పత్రిలో చూపించాం. గోడ మీద అక్షరాలు చదవమంటే అమ్మ నోరు విప్పలేదు, ఎందుకంటే ఆమెకి చదువు రాదు. అక్కడున్నావిడ అందరి ముందూ విసుక్కుంది. ఇంటికొచ్చాక అమ్మ "గుడ్డిదాన్నయినా పర్లేదు పాపా, ఇంక ఆస్పత్రి మాటెత్తొద్దు" అని కూర్చుంది, ఆరు నెలలు కదల్లేదు. ఆ ఆరు నెలల్లో పొర బాగా ముదిరిపోయింది.

వేలూరు వెళ్లేవాళ్లకి ముందుగా ఒక మాట. సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) అంటే అందరికీ ఊరి నడుమ ఐడా స్కడర్ రోడ్డులో ఉన్న పెద్దాస్పత్రే గుర్తొస్తుంది. కంటి విభాగం అక్కడ కాదు, ఆరణి రోడ్డులో షెల్ ఆవరణలో ఉంది. మేం తెలియక పెద్దాస్పత్రి దగ్గర దిగి, మళ్లీ ఆటో ఎక్కాం. పాత చీటీలు, వాడుతున్న మందులు, షుగర్ రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. పొద్దున్నే వెళ్లండి. రోజంతా పడుతుందనుకునే బయల్దేరండి, జనం అలా ఉంటారు మరి.

ఇక్కడ చదువు రానివాళ్లకి వేరే బోర్డు ఉంది, గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. అమ్మ చెయ్యి తిప్పుతూ ఉత్సాహంగా చూపించింది. పరీక్ష చేసినమ్మాయి అరవయాసలో తెలుగు మాట్లాడుతూ "బాగా చూపించారమ్మా" అంది, అంతే, అమ్మ టెన్షన్ సగం పోయింది.

ఆ ఆస్పత్రి కథ నాకు ముందు కొంచెమే తెలుసు, అమ్మని లోపలికి తీసుకెళ్లాక బయట కూర్చుని ఫోన్లో మొత్తం చదివాను. దీన్ని మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టారు. తండ్రి మిషనరీ డాక్టరు. చదువుకి అమెరికా వెళ్లాక మళ్లీ ఈ దేశంలో ఉండే ఉద్దేశమే ఆమెకి లేదు, తల్లికి జబ్బు చేసిందని చూడ్డానికి వచ్చారంతే. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురిటి నొప్పుల్లో ఉన్నారు. మా నాన్న డాక్టరే, ఆయన వస్తారు అని ఐడా అంటే, పరాయి మగాడు మా ఆడవాళ్లని ముట్టుకోకూడదు, నువ్వే రావాలి అన్నారు. ఆమెకి వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు.

అది చదివి మా అమ్మమ్మ తల్లి గుర్తొచ్చింది, ఆవిడా కాన్పులోనే పోయిందని మా ఇంట్లో చెబుతారు. ఐడా వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో మా చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా కూడాను.

ఐడా తిరిగి అమెరికా వెళ్లి 1899లో అక్కడి కార్నెల్ యూనివర్సిటీ‌లో డాక్టరు పట్టా తీసుకుని, 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టారు. రెండేళ్లలో 5,000 మందిని చూశారు. షెల్ అనే ఒక అమెరికన్ బ్యాంకరు తన భార్య జ్ఞాపకంగా ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల ఆస్పత్రి తెరిచారు. మా అమ్మ ఆపరేషన్ జరిగిన షెల్ ఆస్పత్రికి ఆ పేరు అలా వచ్చింది. ఆడపిల్లల కోసం మెడికల్ స్కూలు పెడతానంటే అసలు ఎవరైనా చేరతారా అని పెద్దలు అనుమానపడ్డారు. 1918లో మొదటి ఏడాదే 151 దరఖాస్తులొచ్చాయి. ఆ స్కూలే తర్వాత మెడికల్ కాలేజీ అయింది, 1947 నుంచి మగపిల్లల్నీ చేర్చుకున్నారు. పాఠాలు, ఆపరేషన్లు, విరాళాల కోసం తిరగడం అన్నీ ఆమే చేసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. వట్టి "డాక్టర్ ఐడా, ఇండియా" అని రాసిన ఉత్తరం కూడా ఆమెకి చేరిందంటారు, నేను నమ్ముతాను.

ఆపరేషన్ సజావుగా జరిగింది. ఖర్చు ఎంతవుతుందో ముందే చెప్పారు, చెప్పిన దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

నేను మర్చిపోలేనిది మాత్రం చుక్కల మందు సంగతి. రెండు సీసాలిచ్చారు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. అమ్మకి చదవడం రాదని నర్సమ్మకి చెబుదామని నేను నోరు తెరిచేలోపే ఆమె ప్లాస్టర్ తీసి చిన్న ముక్కలు కత్తిరించింది. ఒక సీసాకి ఒక ముక్క, రెండోదానికి రెండు ముక్కలు అంటించి, అమ్మ వేళ్లు పట్టుకుని తడిమించింది. "ఒకటున్నది నాలుగు సార్లు, రెండున్నది రెండు సార్లు, చెప్పండమ్మా" అని మూడుసార్లు చెప్పించుకుంది. ఇక్కడ నర్సుల శిక్షణ ఐడా 1909లోనే మొదలుపెట్టారు, నర్సింగ్ డిగ్రీ 1946 నుంచే ఉంది. కానీ ఆ ప్లాస్టర్ ముక్కలు ఏ పుస్తకంలో ఉంటాయి?

ఇంటికొచ్చాక ఒక్క పూట కూడా నేను గుర్తు చేయాల్సిన పని పడలేదు. చీకట్లో కూడా సీసా తడిమి తనే తీసిచ్చేది, నేను చుక్కలు వేసేదాన్ని.

ఐదుకి ఐదు ఇస్తున్నా. సంక్రాంతి అయ్యాక ఎడమ కంటికి వెళ్తున్నాం, ఈసారి పక్కింటి పెద్దమ్మని కూడా తీసుకెళ్దామని అమ్మే అంది.