విటమిన్ కె: సూదా, చుక్కలా?

"పుట్టీపుట్టగానే బిడ్డకు సూదేంది నాయనా?" కావలి ఆసుపత్రి వరండాలో ఓ నాయనమ్మ నిలదీసింది. అడగాల్సిన మాటే. విటమిన్ కె చాలకపోతే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, తల్లిపాలలో అది బాగా తక్కువ.

ఇంజెక్షన్: తొడకు 1 మిల్లీగ్రాము, కిలోకన్నా తక్కువ బరువుంటే అర. ఒక్కసారితో అయిపోతుంది. బిడ్డ కాసేపు ఏడుస్తుంది, అంతే. సర్కారు ఆసుపత్రిలో పైసా ఖర్చుండదు.

చుక్కలు: నొప్పి లేదు. కానీ విడతలు విడతలుగా వేయాలి, వెంటనే కక్కితే మళ్లీ వేయాలి. బాలింత ఉదయగిరి దగ్గర పుట్టింట్లో ఉంటే మలి విడత ఎవరికి గుర్తుంటుంది? మరిస్తే వచ్చే ప్రమాదం చిన్నది కాదు. 2 నుంచి 12 వారాల మధ్య, అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డకు మెదడులో రక్తస్రావం కావచ్చు. ముందు కనబడేది ఒక్కోసారి బొడ్డు దగ్గర చిన్న రక్తపు మరకే.

ఐసీయూలో ఉన్నా, నెలలు నిండకపోయినా, లివర్ సమస్య ఉన్నా, తల్లి మూర్ఛ మందులు వాడినా సూదే. ఇప్పటికే రక్తం కారుతుంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కూడా ఎక్కించాల్సి రావచ్చు. నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు, ఇంట్లోవాళ్లు సూదికి ససేమిరా అంటేనే చుక్కలు. అదీ తేదీలు క్యాలెండర్ మీద రాసుకుని.