నాలుక కింది తీగ: కట్ చేయించడం మేలా, ఆగడం మేలా?

బెంగళూరు కుందలహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లో నెల తేడాతో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకడు మావాడు, ఇంకొకతె పక్క బ్లాకులో ఉండే నెల్లూరు అమ్మాయి కూతురు. ఇద్దరికీ నాలుక కింది తీగ బిగుతుగానే ఉంది. ఏడ్చినప్పుడు నాలుక కొన పైకి లేవక, తమలపాకుకు తొడిమ దగ్గర ఉండే నొక్కులా మధ్యలో లోపలికి లాక్కుపోయేది. ఆ అమ్మాయి కట్ చేయించకుండా ఆగింది. నేను పందొమ్మిదో రోజున కట్ చేయించాను. ఇద్దరం సరిగ్గానే చేశామని నా గట్టి నమ్మకం. ఈ నిర్ణయానికి నాలుక ఎలా ఉందో చూస్తే చాలదు, బిడ్డ పాలు ఎలా తాగుతున్నాడో చూడాలి. అది తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు, బోలెడన్ని కన్నీళ్ళు పట్టాయి.

అద్దం ముందు నాలుక పైకెత్తి చూసుకుంటే మనకూ కింద ఒక సన్నటి పొర కనిపిస్తుంది. తీగ అనేది వాడుకలో మాట. నిజానికి నోటి అడుగున పరుచుకుని ఉండే పొరే నాలుక లేచినప్పుడు మడతగా నిలబడుతుంది. అది పొట్టిగానో, బిరుసుగానో, నాలుక కొనకు మరీ దగ్గరగానో ఉండి కదలికను ఆపేస్తే దాన్ని టంగ్ టై అంటారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ.

పాలు తాగేటప్పుడు బిడ్డ నాలుక కింది చిగురు దాటి ముందుకు రావాలి, రొమ్మును దొప్పలా పట్టుకోవాలి. ఆ తర్వాత నాలుక మధ్యభాగం కిందికి దిగుతుంది. అలా దిగినప్పుడు పుట్టే లాగుడుకే పాలు వస్తాయి. నాలుక ముందుకు రాకపోతే బిడ్డ చిగుళ్ళతో నొక్కడం మొదలుపెడతాడు. అయితే తీగ కనిపించిన ప్రతి బిడ్డకూ ఈ ఇబ్బంది రాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం నాలుక అలా ఉన్న పిల్లల్లో పాలు తాగడానికి ఇబ్బందిపడేది సగం మంది కంటే తక్కువే. నెల్లూరు అమ్మాయి కూతురు ఇబ్బంది లేనివాళ్ళలో ఉంది. మావాడు ఉన్నవాళ్ళలో.

నా సంగతి ముందు చెప్తాను. ప్రతిసారీ పాలిచ్చి బిడ్డను తీశాక చనుమొన ఒకవైపు అరిగిన బలపం ముక్కలా చదునుగా, కొన తెల్లబడి ఉండేది. ఐదో రోజుకు పగిలి రక్తం వచ్చింది. మావాడు గంటసేపు రొమ్ము దగ్గరే ఉండేవాడు, మధ్యమధ్యలో టక్ టక్‌మని చప్పుడు, పట్టు జారిపోవడం, మళ్ళీ వెతుక్కోవడం. నిద్రపోయాడని పడుకోబెడితే పది నిమిషాలకు మళ్ళీ ఆకలి ఏడుపు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఐదో రోజు 2.66. మొదటి రోజుల్లో ఏడు నుంచి పది శాతం దాకా తగ్గడం మామూలే కాబట్టి అప్పటికి ఎవరూ కంగారుపడలేదు. కానీ రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి. పద్నాలుగో రోజున మావాడు 2.78 దగ్గరే ఆగిపోయాడు.

హిందూపురం నుంచి వచ్చిన మా అమ్మ నా పక్కనే కూర్చుని, “పాలు చాలడం లేదేమోనమ్మా, డబ్బాపాలు పోద్దాం, బిడ్డ ఎండిపోతున్నాడు” అనేది. ఒక క్లినిక్‌లో బిడ్డ నోరు తెరిచి రెండు నిమిషాలు చూసి, లేజర్‌తో తీసేద్దాం, రేపే రండి అన్నారు. బిడ్డ పాలు తాగుతుంటే చూస్తామని మాత్రం అనలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

పక్క బ్లాకులో అమ్మాయికి మొదటి వారం నాలాగే నొప్పి. కానీ పాప పన్నెండో రోజుకే పుట్టిన బరువు దాటేసింది, రోజుకు ఏడెనిమిది డైపర్లు తడిసేవి. బరువు పెరుగుతోంది, నొప్పి తగ్గుముఖం పట్టింది, పాలు తాగాక పాప చేతులు వదులుగా పడేసి నిద్రపోతోంది. ఇన్ని బాగున్నప్పుడు నాలుక ఎలా కనిపిస్తే మాత్రం ఏం? కట్ చేస్తే వచ్చే లాభం ఏమీ లేదు. ఆమెకు కావలసింది పట్టు సరిచేసుకోవడం ఒక్కటే. దానికి పాలిచ్చే పద్ధతి నేర్పే ఒక లాక్టేషన్ కౌన్సెలర్‌ను పిలిపించుకుంది, ఆవిడనే నా దగ్గరికీ పంపింది.

ఆవిడ మంచం మీద నా పక్కన కూర్చుని ఒక ఫీడ్ మొదటినుంచి చివరిదాకా చూసింది. నలభై నిమిషాలు. అంతకుముందు నన్ను చూసినవాళ్ళెవరూ అంతసేపు చూడలేదు. “నువ్వు ముందుకు వంగద్దమ్మా, వెనక్కి ఆనుకో, బిడ్డను నీ మీదికి తెచ్చుకో” అంది. బిడ్డ ముక్కుకు ఎదురుగా చనుమొన పెట్టి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం ముందు తగిలేలా దగ్గరికి లాక్కోమంది. నల్లటి భాగం పైవైపు కంటే కిందివైపు ఎక్కువగా నోట్లోకి వెళ్ళాలి. తర్వాత తన చిటికెనవేలు శుభ్రంగా కడుక్కుని బిడ్డ నోట్లో పెట్టి, నాలుక వేలిని చుట్టుకుంటోందా, పక్కలకు కదులుతోందా, పైకి లేస్తోందా చూసింది.

నెల్లూరు అమ్మాయికి ఈ మార్పుతో పది రోజుల్లో నొప్పి పూర్తిగా పోయింది. నాకు సగం తగ్గింది. మావాడు పట్టు బాగానే అందుకునేవాడు, రెండు నిమిషాలకు మళ్ళీ జారేవాడు. ఇంకో నాలుగు రోజులు ప్రయత్నించాను. చనుమొన అదే బలపం ముక్క. ఆవిడే అంది, “పట్టు సరిచేసినా నిలవడం లేదంటే ఇక తీగ సంగతి చూడాల్సిందే, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళమ్మా.”

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకుంటారు చాలామంది. ఆ నాలుగు రోజులూ నేను చేసినంత పని గర్భంతో ఉన్నప్పుడు కూడా చేయలేదు. ప్రతి ఫీడ్ తర్వాత పంపుతో పాలు తీసి ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని (ఇక్కడి నర్సులు దాన్ని ఒళలె అంటారు). బిడ్డ సరిగ్గా లాగకపోతే పాల ఉత్పత్తి కూడా పడిపోతుంది, పంపు దాన్ని నిలబెడుతుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు ఫీడ్‌లు, మూడు రోజులకోసారి ఒకే మెషీన్ మీద బరువు. అవసరమైతే కొన్నాళ్ళు డబ్బాపాలు తోడు పెట్టడంలో తప్పేమీ లేదు, బిడ్డ కడుపు నిండటం అన్నిటికంటే ముందు. కానీ బరువు పెరగని బిడ్డతో, రక్తమోడుతున్న రొమ్ముతో వారాల తరబడి ఆగడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇక కట్ చేస్తే నిజంగా ఉపయోగం ఉందా? అన్ని పరిశోధనలనూ కలిపి తూకం వేసే కాక్రేన్ సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. అందులో 5 ట్రయల్స్ (కట్ చేసిన గుంపునూ, చేయని గుంపునూ పోల్చి చూసే పరీక్షలు), మొత్తం 302 మంది పిల్లలు. తల్లి నొప్పి కొద్దికాలంలోనే తగ్గుతుందని తేలింది. బిడ్డ పాలు తాగడం మెరుగవుతుందా అంటే ఒకే తీరు ఫలితం రాలేదు. బ్రిటన్‌లో పెద్ద ట్రయల్ ఒకటి మొదలుపెట్టి 169 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. కట్ చేయకూడని గుంపులో పడ్డ తల్లుల్లో చాలామంది ఆగలేక తర్వాత చేయించేసుకున్నారు కూడా. ఆ తల్లులను నేను తప్పుపట్టలేను. అర్ధరాత్రి రెండు గంటలకు పళ్ళు బిగపట్టి పాలిచ్చిన మనిషికి తెలుస్తుంది. అందుకే తల్లి నొప్పి అసలు కారణమే కాదన్నట్టు మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. ఈ చిన్న ప్రొసీజర్ వల్ల తగ్గుతుందని తేలింది ఆ నొప్పే.

మరోవైపు, కనిపించిన ప్రతి తీగనూ కోసేసే అలవాటు కూడా పెరిగింది. అమెరికా ఆసుపత్రుల్లో 1997 నుంచి 2012 మధ్య టంగ్ టై అని రాసుకున్న కేసులు సుమారు ఎనిమిది రెట్లయ్యాయి. పిల్లల నాలుకలు పదిహేనేళ్ళలో అంతగా మారిపోవు కదా. బెంగళూరులోనూ ఇప్పుడు పై పెదవి తీగ, బుగ్గ తీగ కూడా తీసేయాలని చెప్పేవాళ్ళున్నారు. పాల ఇబ్బందికి ఆ రెండూ తీయడం వల్ల మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదు. అక్కడ లేచి వచ్చేయండి.

కట్ చేయించాలనే నిర్ణయానికి వచ్చాక మిగిలేది కత్తెరా, లేజరా అన్న ప్రశ్న. నా ఓటు కత్తెరకే, అందులో నాకు సందేహం లేదు. లేజర్ మేలని చూపే ఆధారం లేదు, మాకు చెప్పిన ఖర్చు మాత్రం కత్తెరకు చెప్పినదానికి చాలా రెట్లు. కత్తెర పని కొన్ని సెకన్లు. మావాడిని పాత కాటన్ గుడ్డలో చేతులు కదలకుండా చుట్టారు, నర్సు తల పట్టుకుంది. మధ్యలో చీలిక ఉన్న చిన్న లోహపు పరికరంతో డాక్టర్ నాలుకను పైకెత్తి, మొండి కొనల కత్తెరతో ఒక్కసారి కత్తిరించారు. గాజ్ గుడ్డ మీద మూడు చుక్కల రక్తం. ఏడుపు పెద్దదయ్యేలోపే తెచ్చి నా ఒళ్ళో పెట్టారు, వెంటనే రొమ్ము అందుకున్నాడు. టక్ టక్ చప్పుడు లేదు. మొదటిసారి గుటక శబ్దం విన్నాను, ఒకదాని వెనక ఒకటి. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అలాగని ఆ రోజుతో అంతా సర్దుకోలేదు. నాలుకకు కొత్త కదలిక అలవాటు కావడానికి ఇంకో వారం పట్టింది, పంపు చేయడం కొనసాగించాను, కౌన్సెలర్ మళ్ళీ వచ్చింది. పందొమ్మిదో రోజున 2.84 ఉన్నవాడు ఇరవై ఆరో రోజున 3.04. రోజుకు దాదాపు 29 గ్రాములు, ఆ వయసుకు ఉండాల్సినట్టే. కోసిన చోట రెండో రోజుకు తెల్లటి పొర వచ్చింది. చీము అనుకుని భయపడ్డాను, అది మానుతున్న గాయం మీద వచ్చే పొర. రోజూ ఆ చోట వేలితో నొక్కి సాగదీయమని కొందరు చెప్తారు. అమెరికా పిల్లల డాక్టర్ల 2024 నివేదిక అలా చేయమనడం లేదు, మా డాక్టరూ వద్దన్నారు. పాలు తాగడమే నాలుకకు వ్యాయామం.

ప్రమాదాలు అరుదు, కానీ ఉన్నాయి: రక్తస్రావం, నాలుక కింద ఉండే లాలాజల నాళాల ద్వారాలకు దెబ్బ, పొర మళ్ళీ అతుక్కోవడం. కాబట్టి వెళ్ళేముందు డిశ్చార్జి కాగితంలో పుట్టినప్పుడు రక్తం సరిగ్గా గడ్డకట్టడానికి ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే ముందే చెప్పండి. తిమ్మిరి జెల్ రాస్తామంటే అందులో బెంజోకైన్ ఉందా అని అడగండి. రెండేళ్ళలోపు పిల్లలకు అది వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది, రక్తం ఆక్సిజన్‌ను మోసుకెళ్ళే శక్తిని అది దెబ్బతీయవచ్చు. నొప్పికి మాకు తల్లిపాలే చాలాయి. నెలలు గడిచేకొద్దీ బిడ్డ కదలకుండా ఉండడు, అప్పుడు మత్తు అవసరం కావచ్చు. కట్ చేయించేదే అయితే మొదటి వారాల్లో అయిపోవడం నయం.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కువగా భయపడేది మాటల గురించి. “ఇప్పుడు తీయించకపోతే రేపు మాటలు రావు, నత్తి వస్తుంది” అని పక్క బ్లాకులో అమ్మాయిని వాళ్ళ అత్తగారు రోజూ పోరేవారు. నత్తికీ ఈ తీగకూ సంబంధం లేదు. మాటలు ఆలస్యంగా రావడానికీ ఇది కారణం కాదు. కొందరికి పెద్దయ్యాక నాలుక పైకి మడిచే అక్షరాలు కష్టం కావచ్చు, అప్పుడు స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్తారు. రాబోయే మాటల కోసం పసిగుడ్డు నాలుకను కోయించాల్సిన పని లేదు. మా అమ్మ వస కొమ్ము అరగదీసి తేనెతో నాకిద్దామంది. చేతులు పట్టుకుని ఆపాను. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదం, వస కూడా పసికడుపుకు మంచిది కాదు.

ఇద్దరికీ ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. సాయంత్రం కింద జారుడుబండ దగ్గర ఒకరి బాటిల్ ఇంకొకరు లాక్కుంటారు. కట్ చేసిన మావాడూ, చేయని ఆ పాపా, ఇద్దరూ ‘నీల్లు’ అనే అడుగుతున్నారు.