ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఓవర్‌హాల్: రెండు వేసవుల తర్వాత పాత కూలర్ గురించి

మా టిప్పర్ ఆటోమేటిక్ గేర్‌బాక్సును హైదరాబాద్ ఆటోనగర్‌లో పూర్తిగా విప్పించి, కట్టించి రెండు వేసవులు గడిచాయి. ఏ భాగం మార్చాలి, ఏది తిరిగి వాడవచ్చు అన్న విషయంలో ఆ వర్క్‌షాపు తీసుకున్న నిర్ణయాలు చాలావరకు సరైనవేనని ఇప్పటికీ అంటాను. పాత ఆయిల్ కూలర్‌ను కడిగి మళ్లీ బిగించడం మీద మాత్రం నాకు కోపం తగ్గలేదు.

కూల్చిన భవనాల శిథిలాలను ఫతుల్లాగూడ రీసైక్లింగ్ కేంద్రానికి తోలే బండి ఇది. మా గేర్‌బాక్సులో మొదటి గేరుకూ రివర్సుకూ ఒక క్లచ్ ప్యాక్ (ఒకదానిపై ఒకటి పేర్చిన ప్లేట్ల కట్ట) ఉమ్మడిగా పనిచేస్తుంది కనుక, లోడుతో కదలడం, వెనక్కి వెళ్లి దించడం తప్ప వేరే పని తక్కువగా ఉన్న టిప్పర్‌లో ముందుగా అరిగింది అదే. విప్పి చూస్తే ఆ ప్యాకులో ఫ్రిక్షన్ ప్లేట్ల లైనింగ్ (పట్టు కోసం అతికించిన పొర) ఊడిపోయి, వాటి మధ్యనున్న స్టీలు ప్లేట్ల మీద వేడికి నీలం మచ్చలు పడి ఉన్నాయి, వాటన్నిటినీ పారేశారు. మిగతా ప్యాకులలో ఫ్రిక్షన్ ప్లేట్లు కొత్తవి వేసి, స్టీలు ప్లేట్లను సమతలమైన బల్ల మీద పరీక్షించి, వంపూ కాలిన గుర్తులూ లేనివాటినే ఉంచారు. సీళ్లు, ఓ-రింగులు, బుష్‌లు, ఫిల్టర్లు అన్నీ మార్చారు. ప్లానెటరీ గేర్లలో (మధ్య గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్ల సెట్లలో) పక్క ఆటను, అంటే గేరు పక్కకు కదిలే ఖాళీని, ఫీలర్ గేజ్‌తో నా ఎదుటే కొలిచి, పరిమితిలోనే ఉందని చూపించి పాతవే వేశారు. కోయకుండా లోపల శుభ్రం చేయడం సాధ్యం కాని టార్క్ కన్వర్టర్‌ను (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగాన్ని) కోయించి, దానిలోని లాకప్ క్లచ్ లైనింగ్ మార్చి, వెల్డింగ్, బ్యాలెన్సింగ్ చేయించారు. బిల్లులో పెద్ద మొత్తం దానిదే అయినా ఆ ఖర్చు న్యాయమైనది.

ఇంత జాగ్రత్త చూపిన మిస్త్రీ కూలర్ దగ్గరికి వచ్చేసరికి "కడిగితే సరిపోతుందన్నా, కొత్తది దండగ" అన్నాడు. నేను కొత్తదే అడిగాను. డెలివరీ రోజు చూస్తే పాతదే బిగించి ఉంది.

చలికాలమంతా బండి హాయిగా నడిచింది. మే నెలలో ఒక రాత్రి లోడుతో ఎత్తు ఎక్కుతుండగా గేర్‌బాక్స్ ఆయిల్ వేడి హెచ్చరిక వెలిగింది. డ్రైవరు బండిని పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను 1200 నుంచి 1500 ఆర్‌పీఎం మధ్య ఉంచాడు. అలా చేస్తే రెండు మూడు నిమిషాల్లో వేడి దిగాలి, దిగలేదు. రేడియేటర్ నీటి వేడి మామూలుగానే ఉంది, ఆయిల్ ఒక్కటే కాగిపోతోంది. ఫ్యాను, థర్మోస్టాట్ అంటూ ఎవరికి తోచింది వారు చెప్పారు. చివరికి మరో షెడ్డులో కూలర్‌కు ముందూ వెనుకా ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే, ఆయిల్ అందులోంచి సరిగా పారడం లేదని తేలింది. కూలర్‌ను కోయించాను. రేకుల మధ్య దారులు చాలావరకు పాత లైనింగ్ నుసి చేరిన నల్లటి ముద్దతో పూడిపోయి ఉన్నాయి.

రేకుల కూలర్‌లోకి ద్రావకాన్ని నెట్టినప్పుడు అది తెరిచి ఉన్న దారుల గుండానే పోతుంది. పూడిన దారులు పూడినట్టే ఉంటాయి. అవతలి కొస నుంచి తేటగా వచ్చిన ద్రావకాన్ని చూసి "శుభ్రమైంది" అనడంలో ఉన్న లోపం ఇదే. పైగా టార్క్ కన్వర్టర్ నుంచి వచ్చిన ఆయిల్ కూలర్‌లో చల్లబడి, తిన్నగా బుష్‌లనూ ప్లానెటరీ గేర్లనూ తడిపే దారిలోకి వెళ్తుంది. కూలర్‌లో ఇరుక్కున్న నుసి కదిలితే, కొలిచి మరీ కాపాడుకున్న ఆ గేర్ల వైపే పోతుందన్నమాట. మధ్యలో ఉన్న ఫిల్టర్ పట్టగలిగినంతే పడుతుంది. మా ఫిల్టర్‌ను కోస్తే మడతల నిండా నల్లటి బురద ఉంది.

కొత్త కూలర్ వేసి, ఆయిలూ ఫిల్టర్లూ మళ్లీ మార్చాక రెండో వేసవిలో వేడి సమస్య రాలేదు. అయితే కొన్నాళ్లుగా గేర్‌బాక్స్ నుంచి సన్నని కూత వినిపిస్తోంది. ప్లానెటరీ గేర్లన్నీ ఒకే ముద్దగా తిరిగే, నేరుగా తిప్పే నాలుగో గేరులో అది ఆగిపోయి, మిగతా గేర్లలో మళ్లీ వస్తోంది కనుక ప్లానెటరీ గేర్ల నుంచే అనుకుంటున్నాను. పాతవే వేయడం మంచి నిర్ణయమని పైన రాసినదాన్ని ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి. శుభ్రమైన ఆయిల్ అందివుంటే ఆ గేర్లు నిశ్శబ్దంగానే నడిచేవని నా నమ్మకం.

ఖాళీ రోడ్లమీద దూరప్రయాణాలు చేసే బండికి, క్లచ్ కాలకముందే సీళ్ల కోసం మాత్రమే గేర్‌బాక్స్ విప్పినవారికి, కడిగిన కూలరే చాలవచ్చు. మాది రాత్రిళ్లు లోడుతో ముందుకూ వెనక్కూ నలిగే బండి, పైగా లైనింగ్ పూర్తిగా కాలిన తర్వాత విప్పినది. ఇలాంటి బండికి మొత్తం బిల్లులో కూలర్ వాటా చాలా చిన్నది. ఈసారి గేర్‌బాక్స్ దించాల్సి వస్తే కొత్త కూలర్ నేనే కొని తెచ్చి, పాతదాన్ని నా కళ్లముందే విప్పించి పక్కన పెట్టిస్తాను.